రెండు విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ సమయం: మీరే లెక్క వేసుకునే పద్ధతి

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఎన్ని గంటలు పడుతుంది? టికెట్ చూస్తే దాదాపు 4 గంటలు అని ఉంటుంది. విమానం ఎక్కాక పైలట్ మైకులో 3 గంటల 25 నిమిషాలు అంటారు. ఎక్కిన టైమూ దిగిన టైమూ చూసి తీసేస్తే రెండున్నర గంటలే వస్తుంది. ఇంటికి తాళం వేసి బయల్దేరి అక్కడ తమ్ముడి ఫ్లాట్‌లో చెప్పులు విప్పేదాకా లెక్కేస్తే పది గంటలు. నాలుగూ నిజమే.

దూరం ఒక్కటే, సమయాలే నాలుగు. గాల్లో ఉండే సమయం, గేటు నుంచి గేటుకి పట్టే సమయం, గడియారంలో కనిపించే తేడా, ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయం. ఎక్కువమంది పొరపడేది వీటిలో ఒకదాన్ని ఇంకొకటి అనుకోవడం వల్లే. లెక్క మాత్రం ఇంటర్మీడియట్ స్థాయి దాటదు. హైదరాబాద్-దుబాయ్ రూటు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వేసి చూద్దాం. మధ్యలో డాలస్ దాకా కూడా వెళ్దాం, మనవాళ్ళకి ఆ రూటుతో పని ఎక్కువ కాబట్టి.

మొదటి అడుగు: ఏ ఊరో కాదు, ఏ విమానాశ్రయమో తేల్చుకోండి

ప్రతి విమానాశ్రయానికీ మూడక్షరాల కోడ్ ఉంటుంది. శంషాబాద్‌ది హెచ్‌వైడీ, విశాఖది వీటీజెడ్, గన్నవరానిది వీజీఏ, తిరుపతిది టీఐఆర్. వెతికేటప్పుడు ఊరి పేరు కాకుండా ఈ కోడ్ కొట్టండి. పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది, దాని కోడ్ హెచ్‌డీడీ. ఊరి పేరు మాత్రమే ఇస్తే కొన్ని వెబ్‌సైట్లు అక్కడి నుంచి లెక్క కట్టి ఇచ్చినా ఆశ్చర్యం లేదు.

ఒకే ఊళ్ళో రెండు, మూడు విమానాశ్రయాలు ఉంటే ఇంకా జాగ్రత్త. దుబాయ్‌లో పాత నగరం పక్కన ఉన్నది డీఎక్స్‌బీ, దక్షిణాన ఎడారి వైపు ఉన్నది డీడబ్ల్యూసీ. డాలస్‌లో పెద్దది డీఎఫ్‌డబ్ల్యూ, ఊరి లోపలే ఉన్న లవ్ ఫీల్డ్ డీఏఎల్. లండన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, హీత్రోలో దిగి గాట్విక్‌లో ఇంకో విమానం ఎక్కాలంటే దాదాపు సగం రోజు దానికే పోతుంది.

ఇంకో చిన్న చిక్కు. హైదరాబాద్ ప్రయాణికుల విమానాలు 2008 మార్చి 23న బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారాయి. కోడ్ మాత్రం అదే కొనసాగింది. పాత డేటా వాడే పట్టికల్లో ఇప్పటికీ బేగంపేట స్థానమే ఉండొచ్చు. రెండింటి మధ్యా పాతిక కిలోమీటర్ల దూరం కాబట్టి దుబాయ్ లెక్కలో అది పెద్ద తేడా కాదు, విజయవాడ లెక్కలో మాత్రం తెలుస్తుంది. విశాఖ విమానాలు భోగాపురానికి మారితే అక్కడా ఇదే పరిస్థితి.

రెండో అడుగు: అక్షాంశం, రేఖాంశం

గూగుల్ మ్యాప్స్‌లో రన్‌వే మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. దశాంశం తర్వాత రెండు స్థానాలు చాలు, ఒక కిలోమీటరు లోపు తేడాతో సరిపోతుంది.

హైదరాబాద్: 17.24, 78.43
దుబాయ్: 25.25, 55.36

మన దేశం భూమధ్యరేఖకి ఉత్తరాన, గ్రీనిచ్‌కి తూర్పున ఉంది కాబట్టి రెండూ ప్లస్సే. అమెరికా రేఖాంశాలు పడమర వైపువి, వాటికి మైనస్ పెట్టాలి. డాలస్ 32.90, మైనస్ 97.04. ఈ మైనస్ మర్చిపోతే డాలస్ కాస్తా చైనాలోకి వెళ్ళిపోతుంది.

పాత మ్యాపుల్లో 17 డిగ్రీల 14 నిమిషాలు అని ఉంటే, ఆ నిమిషాలని 60తో భాగించి డిగ్రీలకి కలపండి. 14ని 60తో భాగిస్తే 0.23, అంటే 17.23.

మూడో అడుగు: దూరం

భూమి గుండ్రం కాబట్టి మామూలు స్కేలు పనికిరాదు. రెండు ఊళ్ళ మధ్య భూమి ఉపరితలం మీదుగా పోయే అతి దగ్గర దారిని గ్రేట్ సర్కిల్ దారి అంటారు. దాని లెక్క ఇలా ఉంటుంది.

ముందు ఫోన్ కాలిక్యులేటర్‌ని అడ్డంగా తిప్పండి, సైన్, కొసైన్ బటన్లు వస్తాయి. అది డిగ్రీల మోడ్‌లో ఉందో, రేడియన్లలో ఉందో చూసుకోండి. సైన్ 30 కొట్టి చూడండి. 0.5 వస్తే సరిగ్గా ఉంది, మైనస్ 0.98 వస్తే రేడియన్లలో ఉంది, మార్చాలి. చాలామంది లెక్క ఇక్కడే తేడా కొట్టేది.

ఒకటి: రెండు అక్షాంశాల సైన్లు తీసి గుణించండి. సైన్ 17.24 అంటే 0.2964, సైన్ 25.25 అంటే 0.4266. గుణిస్తే 0.1264.

రెండు: రెండు అక్షాంశాల కొసైన్లు, రేఖాంశాల తేడా కొసైన్, ఈ మూడూ గుణించండి. రేఖాంశాల తేడా 78.43 లోంచి 55.36 తీసేస్తే 23.07. కాబట్టి 0.9551, 0.9045, 0.9200 మూడూ గుణిస్తే 0.7948.

మూడు: రెండూ కలపండి. 0.9212.

నాలుగు: దీనికి ఇన్వర్స్ కొసైన్ తీయండి. 22.9 డిగ్రీలు వస్తుంది.

ఈ 22.9 డిగ్రీలు భూమి కేంద్రం దగ్గర రెండు ఊళ్ళ మధ్య ఉన్న కోణం. ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్ళు. అందుకే విమానాలవాళ్ళు, ఓడలవాళ్ళు ఇప్పటికీ నాటికల్ మైలు వదల్లేదు, కోణాన్ని 60తో గుణిస్తే దూరం చేతికి వచ్చేస్తుంది. 22.9ని 60తో గుణిస్తే 1,374 నాటికల్ మైళ్ళు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు కాబట్టి మొత్తం 2,545 కిలోమీటర్లు. వెబ్‌సైట్లు చూపించే అంకె దీనికి కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. భూమి నిజానికి పూర్తి గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. మనం గోళంగా అనుకుని వేశాం కాబట్టి ఆ తేడా. అది మామూలుగా అర శాతం దాటదు. ఇకపై 2,550 అనే అనుకుందాం.

దగ్గర ఊళ్ళకి ఈ పద్ధతి వద్దు. కొసైన్ విలువ 1కి మరీ దగ్గరగా వస్తుంది, నాలుగు దశాంశాలతో లెక్క తప్పుతుంది. అక్కడ పైథాగరస్ చాలు. ఒక డిగ్రీ అంటే 60 నాటికల్ మైళ్ళు, అంటే 111 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖకి చూడండి: అక్షాంశాల తేడా 0.48ని 111తో గుణిస్తే 53 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 4.80ని 111తో గుణించి, దాన్ని మధ్య అక్షాంశం కొసైన్ 0.954తో గుణిస్తే 508. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 511 కిలోమీటర్లు. రోడ్డు మీద అదే విశాఖ 600 పైమాటే.

ఇంత శ్రమ ఎందుకు అనుకునేవాళ్ళకి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైట్ ఉంది. రెండు కోడ్‌లు మధ్యలో గీత పెట్టి కొడితే దూరం, దారి గీసిన మ్యాపు రెండూ ఇస్తుంది. గూగుల్ ఎర్త్‌లో స్కేలు గుర్తు నొక్కినా సరే. అయినా ఒక్కసారి చేత్తో వేసి చూడమనే నేను అంటాను. యాప్ తప్పు అంకె ఇచ్చినప్పుడు అనుమానం రావాలంటే లెక్క ఎక్కడి నుంచి వస్తుందో తెలిసి ఉండాలి.

డాలస్ ఏ దిక్కున ఉంది?

ఎవర్నడిగినా పడమర అంటారు. గోడకి వేలాడే మ్యాపులో అలాగే కనిపిస్తుంది. స్కూల్లో ఉండే గ్లోబు తీసుకుని హైదరాబాద్ మీద దారం ఒక కొన పట్టుకుని, రెండో కొన డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం పడమరకి పోదు. సరాసరి ఉత్తరానికి, హిమాలయాలు, రష్యా దాటి ఆర్కిటిక్ మీదుగా వెళ్ళి అవతలి వైపు కెనడా మీదుగా దిగుతుంది.

రెండు ఊళ్ళ రేఖాంశాల తేడా దాదాపు 175.5 డిగ్రీలు. అంటే ఒకటి భూగోళానికి ఇటు పక్క, ఇంకోటి సరిగ్గా అటు పక్క. పై లెక్కనే వేస్తే కోణం 129.7 డిగ్రీలు, దూరం సుమారు 14,400 కిలోమీటర్లు, దారి ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల దగ్గరగా పోతుంది. శంషాబాద్ రన్‌వే మీద నిలబడి డాలస్ వైపు చెయ్యి చాపాలంటే ఉత్తరానికి చూపించాలి, ఐదు డిగ్రీలు మాత్రం పడమరకి వంచి.

ఇలాంటి దారిలో నిజంగానే విమానాలు పోతాయా? పోయాయి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో-బెంగళూరు మొదటి విమానం ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనావరే, కెప్టెన్ శివాని మన్హాస్, నడిపినవాళ్ళందరూ మహిళలే. ఆ రెండు ఊళ్ళ మధ్య నేరు దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. ధ్రువం మీదుగా పోవాలంటే చిక్కులూ ఉన్నాయి. ఏదైనా అయితే దిగడానికి దారిలో విమానాశ్రయాలు తక్కువ. జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది కాబట్టి ట్యాంకులో ఉష్ణోగ్రత మీద ఒక కన్నేసి ఉంచాలి.

నాలుగో అడుగు: నేరు దూరానికి కాస్త కలపండి

ఏ విమానమూ గ్రేట్ సర్కిల్ మీద గీత గీసినట్టు పోదు. టేకాఫ్ అయ్యాక గాలిని బట్టి ఒక వైపు ఎగిరి, తిరిగి తన దారిలోకి వస్తుంది. ల్యాండింగ్‌కి ముందు వరసలో నిలబడుతుంది. సైన్యం వాడే ఆకాశాన్ని, ఉరుముల మేఘాలని తప్పించుకుని పోతుంది. మామూలు రూట్లకి 3 నుంచి 5 శాతం కలపండి. హైదరాబాద్-దుబాయ్‌కి 4 శాతం కలిపితే 2,650 కిలోమీటర్లు.

ఆకాశం మూసేస్తే ఈ శాతాలు పనికిరావు. 2019 ఫిబ్రవరి నుంచి జూలై దాకా పాకిస్తాన్ తన గగనతలం మూసేసింది. 2025 ఏప్రిల్‌లో భారత విమానయాన సంస్థలకి మళ్ళీ మూసింది. ఢిల్లీ నుంచి పడమరకి పోయే మన విమానాలు గుజరాత్ దాకా కిందికి దిగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టి పోవాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కి పోయేవాళ్ళకి ఆ బాధ పెద్దగా లేదు, మన దారి ఎలాగూ ముంబై పక్కగా సముద్రం మీదే. అలాగే 2022 నుంచి రష్యా మీదుగా అమెరికా సంస్థల విమానాలు, యూరప్‌లో చాలా దేశాల సంస్థల విమానాలు ఎగరడం లేదు. అందుకే ఒకే రెండు ఊళ్ళ మధ్య ఒక కంపెనీ విమానానికి ఓ సమయం, ఇంకో కంపెనీకి ఓ సమయం పట్టొచ్చు. ఐదేళ్ళ కిందట మీ అన్నయ్య ప్రయాణించిన సమయం ఇవాళ్టికి ప్రమాణం కాదు.

ఐదో అడుగు: దూరాన్ని సమయంగా మార్చడం

విమానం ఏ రకందో చూడండి, టికెట్ బుక్ చేసేటప్పుడే రాసి ఉంటుంది. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటివి పైకి చేరాక గంటకి 830 కిలోమీటర్ల దగ్గర పోతాయి. 777, 787, ఏ350 లాంటి పెద్దవి 900. రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్ 72 అయితే 500 చిల్లర.

ఆ వేగంతో దూరాన్ని భాగించి, దానికి 35 నిమిషాలు కలపండి. గేటు నుంచి రన్‌వే దాకా పాకడం, పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు నెమ్మదిగా పోవడం, దిగాక గేటు దాకా రావడం అన్నీ కలిపి ఆ 35. ముంబై, ఢిల్లీ, హీత్రో లాంటి రద్దీ చోట్ల 45 వేసుకోండి. ఇలా గేటు నుంచి గేటుకి పట్టేదాన్ని బ్లాక్ టైమ్ అంటారు, టికెట్ మీద ఉండేది ఇదే. పైలట్ మైకులో చెప్పేది గాల్లో ఉండే సమయం, అందుకే అది అర గంట తక్కువ ఉంటుంది.

2,650ని 830తో భాగిస్తే 3 గంటల 12 నిమిషాలు. 35 కలిపితే 3 గంటల 47 నిమిషాలు. కానీ టికెట్లు చూడండి. వెళ్ళేటప్పుడు 4 గంటల దగ్గర, వచ్చేటప్పుడు మూడున్నర గంటల దగ్గర ఉంటాయి. అదే దూరం, అదే విమానం. తేడా అంతా గాలిదే.

మన అక్షాంశాల్లో పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఏడాదిలో ఎక్కువ కాలం గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద ఆ గాలి గంటకి 200 కిలోమీటర్లు దాటిపోతుంది, దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. దుబాయ్ వెళ్ళేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. సగటున 60 కిలోమీటర్ల గాలి అనుకుని వేసి చూడండి. వెళ్ళేటప్పుడు నేల మీది వేగం 770, మొత్తం 4 గంటల 1 నిమిషం. వచ్చేటప్పుడు 890, మొత్తం 3 గంటల 34 నిమిషాలు. టికెట్‌తో సరిపోయింది.

ఇక్కడ ఒక అపోహ బాగా పాతుకుపోయి ఉంది. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కాబట్టి, పడమరకి పోయే విమానానికి దుబాయే ఎదురొస్తుంది, త్వరగా చేరాలి కదా అంటారు. భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది, నేల మీద నిలబడ్డ విమానమూ ముందు నుంచీ ఆ వేగంతోనే ఉంది. లెక్కలోకి వచ్చేది నేలతో పోల్చితే గాలి ఎటు కదులుతోందన్నదే. పైగా అనుభవంలో జరిగేది వాళ్ళు అనుకునేదానికి తిరగబడి ఉంటుంది, పడమరకి పోవడానికే ఎక్కువసేపు పడుతుంది.

ఒక చిట్కా. వెళ్ళే సమయం, వచ్చే సమయం రెండూ కలిపి సగం చేస్తే గాలి లేకపోతే ఎంత పట్టేదో వస్తుంది. దాన్ని మీ లెక్కతో పోల్చుకోండి. పది నిమిషాల లోపు తేడా ఉంటే మీ లెక్క బాగున్నట్టే. మీ అంకె కన్నా టికెట్ అంకె బాగా ఎక్కువుంటే ఆ కంపెనీ ముందు జాగ్రత్తగా కాస్త సమయం కలిపి పెట్టుకుందని అర్థం. అలాంటి విమానం పావుగంట ఆలస్యంగా లేచినా టైముకే దిగుతుంది.

దేశంలో రూట్లకీ ఇదే లెక్క. ఢిల్లీకి 1,260 కిలోమీటర్లు, 4 శాతం కలిపి, రద్దీకి 45 నిమిషాలు వేసుకుంటే 2 గంటల 20 నిమిషాల దగ్గర. విజయవాడకి 264 కిలోమీటర్లు, ఏటీఆర్‌లో ఒక గంట.

ఆరో అడుగు: గడియారాలని ఒకే దారికి తేవడం

అసలు టెన్షన్ అంతా ఇక్కడే. టికెట్ మీద బయల్దేరే టైము ఆ ఊరి టైము, చేరే టైము చేరిన ఊరి టైము. రెండింటినీ నేరుగా తీసేయకూడదు. చేరే టైముని ముందు మన టైములోకి మార్చి, ఆ తర్వాతే తీసేయాలి.

మన దేశం గ్రీనిచ్‌కి ఐదున్నర గంటలు ముందు. దుబాయ్ 4 గంటలు ముందు, అంటే మనకన్నా గంటన్నర వెనక. డాలస్ చలికాలంలో మనకన్నా 11 గంటల 30 నిమిషాలు వెనక, వేసవిలో 10 గంటల 30 నిమిషాలు. అమెరికావాళ్ళు మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. బ్రిటన్, యూరప్ మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం తిప్పుతాయి. ఈ మధ్య వారాల్లో అమెరికాకీ లండన్‌కీ మధ్య తేడా కూడా మారిపోతుంది. మనకీ దుబాయ్‌కీ ఈ గొడవ లేదు.

ఉదాహరణకి జనవరిలో ఒక టికెట్ ఇలా ఉందనుకోండి. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:30కి బయల్దేరి దుబాయ్‌లో 6:50కి చేరుతుంది. దుబాయ్‌లో 9:00కి బయల్దేరి అదే రోజు మధ్యాహ్నం 3:00కి డాలస్ చేరుతుంది.

దుబాయ్‌లో 6:50 అంటే మనకి 8:20. అందులోంచి 4:30 తీసేస్తే మొదటి విమానం 3 గంటల 50 నిమిషాలు. దుబాయ్‌లో ఆగేది 2 గంటల 10 నిమిషాలు. డాలస్‌లో మధ్యాహ్నం 3:00 అంటే మనకి అర్ధరాత్రి దాటి 2:30. దుబాయ్‌లో 9:00 అంటే మనకి ఉదయం 10:30. ఆ రెండింటి మధ్య 16 గంటలు. మొత్తం 22 గంటలు. పొద్దున ఎక్కి మధ్యాహ్నం దిగినట్టు టికెట్ మీద కనిపిస్తుంది, పది గంటల ప్రయాణమే అనుకుని అమ్మానాన్నలకి మందులు సరిపడా పెట్టకుండా పంపేవాళ్ళు ఉంటారు.

తూర్పు వైపు నుంచి, టోక్యో మీదుగా అమెరికా వెళ్తే ఇంకా వింత. టోక్యోలో సాయంత్రం 5 గంటలకి ఎక్కి, తొమ్మిదిన్నర గంటలు ఎగిరితే, శాన్‌ఫ్రాన్సిస్కోలో చలికాలంలో అదే రోజు ఉదయం 9:30కి దిగుతారు. ఎక్కకముందే దిగినట్టు. దారిలో తేదీ రేఖ దాటడం వల్ల జరిగేది ఇది.

తేదీ విషయంలో మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక గండం ఉంది. శంషాబాద్ నుంచి విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము మధ్య లేస్తాయి. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అందుకే పెళ్ళి శుభలేఖల్లో రాత్రి 2 గంటల ముహూర్తానికి "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని వేస్తారు. టికెట్ మీద ఆ 'తెల్లవారితే' ఉండదు. 15వ తేదీ శుక్రవారం 2:15 అని ఉంటే, 14వ తేదీ గురువారం రాత్రి భోజనం చేసి బయల్దేరాలి. శుక్రవారం రాత్రి సూట్‌కేసులతో వెళ్తే విమానం వెళ్ళిపోయి ఇరవై గంటలు దాటి ఉంటుంది. పెద్దవాళ్ళకి వాట్సాప్‌లో టికెట్ పంపేటప్పుడు కింద "గురువారం రాత్రి 10 గంటలకల్లా ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి" అని తెలుగులో ఒక లైను రాయండి. ఈ వ్యాసంలో అన్నిటికన్నా పనికొచ్చే సలహా బహుశా ఇదే.

ఏడో అడుగు: మధ్యలో ఆగే ఊరు

డాలస్‌కి హైదరాబాద్ నుంచి నేరుగా లేకపోతే ఏ ఊరి మీదుగా పోతే దగ్గర? హైదరాబాద్-దుబాయ్ 2,550, దుబాయ్-డాలస్ సుమారు 12,900, కలిపితే 15,450. హైదరాబాద్-లండన్ సుమారు 7,750, లండన్-డాలస్ సుమారు 7,650, కలిపితే 15,400. ఇంచుమించు సమానం. నేరు దూరం 14,400 కన్నా రెండూ 7 శాతమే ఎక్కువ. కాబట్టి దూరం చూసి ఎంచుకోవడంలో అర్థం లేదు. దుబాయ్ మీదుగా ఒక చిన్న ప్రయాణం, ఒక చాలా పెద్ద ప్రయాణం. లండన్ మీదుగా దాదాపు పదేసి గంటలవి రెండు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి 16 గంటలు ఏకబిగిన కూర్చోవడం కష్టం, నేనైతే సగం సగం దారే ఎంచుతాను. పసిపిల్లలతో వెళ్ళేవాళ్ళు మాత్రం, రెండోసారి ఎక్కాక ఇక దిగే పని లేదని దుబాయ్ దారే మేలంటారు.

ఆగే సమయం ఎంతుండాలి? ఒకే టికెట్ మీద గల్ఫ్‌లో రెండు నుంచి మూడు గంటలు హాయిగా ఉంటుంది. గంట పది నిమిషాలు అని చూపిస్తే, నియమం ప్రకారం చెల్లినా, ఒక గేటు నుంచి ఇంకో గేటుకి పరుగే. అబుదాబి మీదుగా అమెరికా వెళ్తే అక్కడే అమెరికా ఇమిగ్రేషన్ అయిపోతుంది, అందుకని అక్కడ ఇంకో గంట ఎక్కువ పెట్టుకోండి. ఆ గంట వృథా కాదు, అమెరికాలో దిగాక క్యూలో నిలబడే పని తప్పుతుంది. న్యూయార్క్‌లోనో చికాగోలోనో దిగి ఇంకో విమానం పట్టుకునేలా ఉంటే, మామూలుగా మొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్ చేసుకుని, పెట్టెలు తీసుకుని, మళ్ళీ అప్పగించాలి. అక్కడ మూడు గంటలకి తగ్గితే వద్దు.

రెండు వేర్వేరు టికెట్లు కొనుక్కుంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఎవరూ బాధ్యత తీసుకోరు. ఆ లెక్కలో ఆరు గంటలు కూడా తక్కువే.

ఎనిమిదో అడుగు: ఇంటి నుంచి ఇంటికి

విదేశీ ప్రయాణానికి విమానం టైముకి మూడు గంటల ముందు, దేశంలో అయితే రెండు గంటల ముందు చేరాలి. దిగాక ఇమిగ్రేషన్, సామాను కలిపి గంట. దీనికి రెండు వైపులా రోడ్డు సమయం కలపండి. అమీర్‌పేట నుంచి శంషాబాద్‌కి గంట, 3 గంటలు ముందు, 4 గంటల విమానం, దిగాక గంట, దుబాయ్‌లో టాక్సీ ముప్పావు గంట. మొత్తం పది గంటలకి పావుగంట తక్కువ.

విజయవాడకి ఇదే వేసి చూడండి. గంట ప్రయాణం, రెండు గంటలు ముందు వెళ్ళడం, విమానం గంట, గన్నవరంలో సామాను తీసుకుని ఊళ్ళోకి వచ్చేసరికి ఇంకో గంట. మొత్తం ఐదు. కారులోనూ అంతే పడుతుంది, దారిలో సూర్యాపేటలో ఆగి టీ తాగొచ్చు. ఐదు వందల కిలోమీటర్లు దాటితేనే విమానం నిజంగా సమయం మిగుల్చుతుంది. విశాఖకి మిగులుతుంది, విజయవాడకి మిగలదు.

లెక్కని సరిచూసుకోవడం

ఫ్లైట్‌రాడార్24లో మీ విమానం నంబరు కొడితే గత వారం రోజుల ప్రయాణాలు ఉచితంగా కనిపిస్తాయి. అందులో షెడ్యూల్ టైము గేటు దగ్గరిది, అసలు బయల్దేరిన టైము టేకాఫ్‌ది. రెండింటికీ ఇరవై నిమిషాల తేడా కనిపిస్తే విమానం ఆలస్యమని కాదు, గేటు నుంచి రన్‌వే దాకా పట్టిన సమయమది. ఫ్లైట్ టైమ్ అన్న గడిలో ఉండేది గాల్లో ఉన్న సమయమే. ఏడు రోజులు వరసగా చూస్తే గాలి రోజుకో పది, పదిహేను నిమిషాలు అటూ ఇటూ చేస్తుందని తెలిసిపోతుంది. ఎయిర్‌పోర్ట్‌కి ఎవరినైనా తీసుకురావడానికి వెళ్ళేవాళ్ళు టికెట్ టైము కాకుండా దీన్నే చూసి బయల్దేరితే పార్కింగ్ డబ్బులు మిగులుతాయి.

ఈ అంకెలతో డబ్బు లెక్క కూడా ఉంది

మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నియమాలు బ్లాక్ టైమ్ మీద నడుస్తాయి. సరైన సమయంలో చెప్పకుండా, తమ తప్పు వల్ల విమానం రద్దు చేస్తే, బ్లాక్ టైమ్ గంట లోపు ఉన్న విమానానికి 5,000 రూపాయలు, రెండు గంటల దాకా 7,500, ఆపైన 10,000 పరిహారం. లేదా ఒక వైపు మూల చార్జీ, ఇంధన చార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. ఆలస్యమైతే ఉచితంగా తిండి పెట్టే నియమం కూడా అంతే. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి 2 గంటల ఆలస్యం దాటితే, ఐదు గంటల లోపు ప్రయాణానికి 3 గంటలు, ఆపైన 4 గంటలు దాటితే పెట్టాలి. హైదరాబాద్-ఢిల్లీ విమానం రెండున్నర గంటల లోపుదే కాబట్టి రెండు గంటలు కూర్చోబెట్టారంటే అడగొచ్చు.

యూరప్ నియమాలు మాత్రం దూరం మీద, అదీ మనం మూడో అడుగులో వేసిన గ్రేట్ సర్కిల్ దూరం మీద నడుస్తాయి. 1,500 కిలోమీటర్ల లోపు 250 యూరోలు, 3,500 దాకా 400, ఆపైన 600. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కి వచ్చే విమానం కంపెనీ తప్పు వల్ల 4 గంటలకి పైగా ఆలస్యంగా చేరితే అది 600 యూరోల కేసు. వాతావరణం బాగోలేదంటే రాదు. బోర్డింగ్ పాస్ పారేయకుండా దాచుకోండి, అడిగేది ముందుగా దాన్నే.